ఒక శతకంతో ఇన్‌డిజైన్ అభ్యాసం: పుస్తకం పని లోతుగా నేర్చుకోదలచిన వారికి

అక్షరాలు టైపు చేసి, పేజీలో పేర్చి, బొమ్మ అతికించి పీడీఎఫ్ తీయడం వరకు, పేజీలు కూర్చే అడోబ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వచ్చినవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆ తరువాతి మెట్టు దగ్గర ఎక్కువమంది ఆగిపోవడం నేను చూశాను. అందుకు తెలివి తక్కువ కావడం కారణం కాదు. మెనూలో ఉన్న సదుపాయాలను ఒక్కొక్కటిగా చూసి గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించడమే కారణం. అలా నేర్చుకున్నది వారం తిరిగేసరికి మరిచిపోతాం. ఒక చిన్న పుస్తకాన్ని మొదటి నుంచి చివరి వరకు, ఏ పేరానూ విడిగా చేత్తో దిద్దకుండా తయారుచేయాలని నియమం పెట్టుకుంటే, అవసరమే ఒక్కో సదుపాయాన్ని మన ముందుకు తెస్తుంది. ఈ అభ్యాసానికి తాత్పర్యాలతో కూడిన శతకం కంటే మంచి పుస్తకం నాకు కనబడలేదు. అందులో పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, పద్యాల వరుస సంఖ్యలు, చివర అకారాది సూచిక ఉంటాయి. ఇవన్నీ వంద సార్లు ఒకే తీరున తిరిగి వస్తాయి. వేమన పద్యాలు తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్‌లో దొరుకుతాయి కనుక వాటినే తీసుకుందాం. ప్రతిపదార్థాలు, తాత్పర్యాలు మొదట ఒక పది పద్యాలకు మీరే రాసుకుంటే చాలు.

ముందుగా తెలుగు లిపికి సంబంధించిన ఏర్పాటు చేసుకోవాలి. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబ్ చేతికి వచ్చింది, 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్. దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకే ఆ రోజుల్లో మనం వాడిన ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాచుకునేవి. ఆ ఫైల్లో ఫాంటు మార్చితే తెలుగు మాయమై అర్థంలేని గుర్తులు కనబడేవి. 1999లో మొదలైన ఇన్‌డిజైన్‌లో కూడా భారతీయ లిపులకు సరైన ఆదరువు 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తోనే వచ్చింది. ఆ ఆదరువు పేరు వరల్డ్-రెడీ కంపోజర్. కంపోజర్ అంటే అక్షరాలను పంక్తులుగా కూర్చే భాగం. ఇన్‌డిజైన్‌లో తెలుగు అతికించగానే ఒత్తులు విడిపోయి, పొల్లు పక్కకు జరిగి కనబడితే ఫాంటును తప్పుపట్టే ముందు ఈ కంపోజర్‌ను చూడాలి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబ్ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్‌ను ఎంచుకుంటే, ఆపైన తెరిచే ప్రతి కొత్త డాక్యుమెంటుకూ అదే వర్తిస్తుంది. పాత ఫైలైతే పారాగ్రాఫ్ స్టైల్ (పేరా రూపానికి కావలసిన అమరికలను ఒక పేరు కింద దాచేది) ఆప్షన్లలో జస్టిఫికేషన్ అనే పుటలో కంపోజర్‌ను మార్చాలి. ఆ పక్కనే అడ్వాన్స్‌డ్ క్యారెక్టర్ ఫార్మాట్స్‌లో భాషను తెలుగుగా పెట్టడం మరవకూడదు. భాష ఇంగ్లిష్‌గా మిగిలిపోతే పదాల విరుపుకు తెలుగు నియమాలు అందవు.

ఫాంటును ఎంచుకునేటప్పుడు అందం ఒక్కటే చూస్తే శతకం దగ్గర ఇబ్బంది పడతాం. ‘స్త్రీ, కృష్ణుఁడు, ఱెక్క, దుఃఖం, వాఙ్మయం, జ్ఞానం, క్ష్మాతలం’ అన్న వరుసను టైపు చేసి, మీకు నచ్చిన నాలుగైదు ఫాంట్లలో కాగితంమీద ప్రింటు తీసి చూడండి. అరసున్న, బండి ఱ, రెండు ఒత్తులున్న సంయుక్తాక్షరాలు అన్నీ నిలిచిన ఫాంటే పద్యాలకు పనికొస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, సూరన్న, రామరాజ, నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు వంటివాటిని ఈ పరీక్షకు పెట్టవచ్చు. తెరమీద బాగున్న అక్షరం 70 జీఎస్ఎం మాప్‌లిథో కాగితంమీద మరోలా ఉంటుంది కనుక ప్రింటు చూడకుండా నిర్ణయించవద్దు.

ఇప్పుడు పేజీ. శతకానికి డెమ్మీ 1/8 సైజు, అంటే వెడల్పు 5.5, ఎత్తు 8.5 అంగుళాలు, చేతికి బాగా నప్పుతుంది. అంగుళానికి 72 పాయింట్లు కనుక పేజీ ఎత్తు 612 పాయింట్లు. తెలుగు పంక్తికి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి. ఇన్‌డిజైన్ తనంతట తాను ఇచ్చే 120 శాతం లీడింగ్ (పంక్తి నుంచి పంక్తికి ఉండే దూరం) ఇంగ్లిష్‌కు సరిపోతుంది కాని, మనకు పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. నేను సాధారణంగా 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల లీడింగ్ ఇస్తాను. పేజీకి 27 పంక్తులు పెట్టుకుంటే 486 పాయింట్లు అవుతాయి. మిగిలిన 126 పాయింట్లను పైన, కింద మార్జిన్లకు పంచుకోవచ్చు. మార్జిన్లను ఊహతో పెట్టి ఆ తరువాత పంక్తులను ఇరికించడం కంటే, పంక్తుల లెక్క నుంచి మార్జిన్లకు రావడమే సరైన క్రమం. ప్రిఫరెన్సెస్‌లో గ్రిడ్స్ దగ్గర బేస్‌లైన్ గ్రిడ్ (పంక్తులు ఆనుకునే గీతల వరుస) దూరం 18 పాయింట్లుగా పెట్టి, మొదటి గీత పై మార్జిన్ నుంచి మొదలయ్యేలా చూసుకుని, తాత్పర్యం స్టైల్‌ను ఆ గ్రిడ్‌కు కట్టేస్తే ఎదురెదురు పేజీల పంక్తులు ఒకే గీతమీద నిలుస్తాయి. కాగితం పలచనైనప్పుడు వెనక పేజీ అక్షరాలు నీడగా కనబడతాయి కదా, ఆ నీడ కూడా పంక్తుల మధ్య కాక పంక్తుల వెనకే పడి, చదివేవారి కంటికి అడ్డురాదు. బైండింగ్ వైపు మార్జిన్ కాస్త ఎక్కువ ఉంచాలి. పేజీ సంఖ్య, పై శీర్షిక మాస్టర్ పేజీమీద, అంటే మిగతా పేజీలకు నమూనా అయిన పేజీమీదనే పెట్టాలి. కొత్త వెర్షన్లలో దాన్ని పేరెంట్ పేజీ అంటున్నారు. కొత్త డాక్యుమెంటు తెరిచేటప్పుడే ప్రైమరీ టెక్స్ట్ ఫ్రేమ్‌ను ఎంచుకుంటే, పాఠం పెరిగినప్పుడు పేజీలు వాటంతటవే చేరతాయి.

ఇక అసలు పని స్టైళ్లది. ముందు ‘మూలం’ అని ఒక పారాగ్రాఫ్ స్టైల్ చేసి, అందులో ఫాంటు, సైజు, లీడింగ్, భాష, కంపోజర్ మాత్రమే పెట్టండి. తరువాత ‘మొదటి పాదం’, ‘పద్యం’, ‘ప్రతిపదార్థం’, ‘తాత్పర్యం’, ‘ముందుమాట’ అనే స్టైళ్లు చేసి, ప్రతిదానిలోనూ బేస్డ్ ఆన్ దగ్గర ‘మూలం’ అని చూపండి. ఒక్కో స్టైల్‌లో దానికి ప్రత్యేకమైన తేడాను మాత్రమే రాయాలి. ఈ వంశవృక్షం సరిగా కుదిరితే, మూలంలో ఒక్క అంకె మార్చినప్పుడు పుస్తకమంతా మారుతుంది.

పద్యంలో మొదటి పాదానికి వేరే స్టైల్ ఎందుకని అడగవచ్చు. శతకం చివర పద్యాల మొదటి పాదాలతో అకారాది సూచిక వేయడం మన ప్రచురణల్లో పాత అలవాటు. మొదటి పాదం ఎంటర్‌తో ముగిసే విడి పేరాగా ఉంటేనే ఇన్‌డిజైన్ దాన్ని వేరుగా ఏరుకోగలదు. మిగిలిన మూడు పాదాలను షిఫ్ట్-ఎంటర్‌తో విరిచి ఒకే పేరాగా ఉంచండి. ఆ స్టైల్ ఎడమకు ఆనుకుని ఉండాలి. రెండు వైపులా సమం చేసే అమరికలో షిఫ్ట్-ఎంటర్ కొడితే పాదం పేజీ అంతటా సాగిపోయి పదాల మధ్య గుంతలు పడతాయి. పద్యం రెండు పేజీలకు చీలకూడదు కనుక కీప్ ఆప్షన్స్‌లో, మొదటి పాదానికి తరువాతి పేరాతో కలిసి ఉండాలనీ, పద్యానికి పంక్తులన్నీ ఒక్కచోటే ఉండాలనీ, తరువాతి పేరాలో రెండు పంక్తులనైనా వెంట ఉంచుకోవాలనీ చెప్పాలి. ఇంత చేశాక, చివరి నిమిషంలో ముందుమాట పది పంక్తులు పెరిగినా పద్యాలు విరగవు. ఈ ఏర్పాటు లేని రోజుల్లో, ప్రూఫులు దిద్దిన ప్రతిసారీ పుస్తకమంతా తిప్పి, విరిగిన పద్యాలను వెతికి ఖాళీ ఎంటర్లతో కిందికి నెట్టేవాణ్ని. మరుసటి దిద్దుబాటులో ఆ ఖాళీలే పేజీ మధ్యలోకి వచ్చి కూర్చునేవి.

పద్యాల సంఖ్యలను కూడా టైపు చేయవద్దు. బుల్లెట్స్ అండ్ నంబరింగ్‌లో మొదటి పాదం స్టైల్‌కు సంఖ్యను చేర్చితే, మధ్యలో ఒక పద్యం తీసేసినా చేర్చినా వరుస దానంతట అదే సర్దుకుంటుంది. తెచ్చుకున్న పాఠంలో సంఖ్యలు ముందే ఉంటే ఫైండ్/ఛేంజ్‌లో గ్రెప్ (గుర్తులతో రాసిన నమూనాను బట్టి పాఠాన్ని వెతికే పద్ధతి) పుట తెరిచి, వెతకాల్సిన చోట ^[0-9]+\. * అని రాసి, మార్చాల్సిన చోటు ఖాళీగా ఉంచి, అన్నిటినీ ఒకేసారి తొలగించండి. ఇందులో ^ గుర్తుకు పేరా మొదలు అని, [0-9]+ కు ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ అంకెలు అని, \. కు చుక్క అని, దాని తరువాతి ఖాళీకి, చివరి * గుర్తుకు కలిపి ఖాళీలు ఎన్ని ఉన్నా, లేకున్నా సరే అని అర్థం. అదే పెట్టెలో ముందే సిద్ధంగా ఉన్న ప్రశ్నలతో రెండు మూడు ఖాళీలను ఒకటిగా, వరుస ఎంటర్లను ఒకటిగా చేయవచ్చు. పాఠం వర్డ్ నుంచి వస్తుంటే ఇంపోర్ట్ ఆప్షన్లను తెరిచి, వర్డ్ స్టైల్ ఒక్కొక్కటి మన స్టైళ్లలో దేనికి సరితూగుతుందో అక్కడే చూపితే సగం పని ముందే తీరిపోతుంది.

గ్రెప్ అంటే భయపడేవారికి మకుటం మంచి తొలిపాఠం. పద్యం స్టైల్‌లో గ్రెప్ స్టైల్ పుట తెరిచి, ‘మకుటం’ అనే, పేరా మొత్తానికి కాక కొన్ని అక్షరాలకే వర్తించే క్యారెక్టర్ స్టైల్‌ను ఎంచుకుని, విశ్వదాభిరామ.+$ అని రాయండి. చుక్క ఏదో ఒక అక్షరాన్ని, + అది ఎన్నిసార్లయినా రావడాన్ని, $ పేరా చివరను సూచిస్తాయి. ఇకపై ఆ మాటతో మొదలయ్యే ఆఖరి పాదం ఎక్కడ వచ్చినా మీరు చెప్పిన రంగులోనో, వాలుగానో, కాస్త చిన్నగానో దానంతట అదే మారుతుంది. అయితే తెలుగులో ఒక జాగ్రత్త ఉంది. గ్రెప్ లెక్కలో ‘స్త్రీ’ ఒక్క అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. ‘చివరి ఐదు అక్షరాలు’ అని ఇంగ్లిష్ పాఠాల్లో చెప్పిన సూత్రాన్ని మన పాఠానికి ఉన్నదున్నట్టుగా వాడితే అది అక్షరాన్ని మధ్యలో కోస్తుంది. అందుకే అక్షరాలను లెక్కించే సూత్రాల కంటే పదాన్ని, విరామ చిహ్నాన్ని పట్టుకునే సూత్రాలు తెలుగుకు క్షేమం. డ్రాప్ క్యాప్ పెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. ముందుమాట ‘ప్ర’తోనో ‘శ్రీ’తోనో మొదలైతే ఒత్తు విడిపోలేదనీ, కింది పంక్తిమీద పడలేదనీ చూసుకోవాలి.

ప్రతిపదార్థం దగ్గర నెస్టెడ్ స్టైల్ బలం తెలుస్తుంది. మన పుస్తకాల్లో ప్రతిపదార్థాన్ని ‘సజ్జనుండు = మంచివాడు; చల్లగాను = మృదువుగా;’ అన్న తీరున వేస్తారు. పదం ముదురుగా, అర్థం మామూలుగా ఉండాలి. వంద పద్యాల్లో పదిహేనేసి పదాలున్నా పదిహేను వందల సార్లు మౌస్‌తో ఎంచి బోల్డ్ కొట్టాలి! దానికి బదులు ప్రతిపదార్థం స్టైల్‌లో డ్రాప్ క్యాప్స్ అండ్ నెస్టెడ్ స్టైల్స్ పుట తెరవండి. మొదటి వరుసలో ‘ముదురు’ క్యారెక్టర్ స్టైల్‌ను ఎంచుకుని అప్ టు 1, ఆపైన = గుర్తు పెట్టండి. రెండో వరుసలో నన్ ఎంచుకుని త్రూ 1, సెమీకోలన్ పెట్టండి. మూడో వరుసలో రిపీట్ ఎంచుకుని చివరి 2 స్టైళ్లు అని చెప్పండి. పేరా ఎంత పొడవున్నా పదం ముదురుగా, అర్థం మామూలుగా వరుసగా మారుతూ పోతుంది. ఎక్కడైనా అమరిక తలకిందులైతే అక్కడ సెమీకోలన్ జారిపోయిందని అర్థం. అంటే ఇది ప్రూఫ్ రీడర్ పని కూడా కొంత చేస్తుంది. నాకు ఈ ఒక్క సదుపాయం ఆదా చేసిన సమయం మరేదీ చేయలేదు.

తాత్పర్యం వచనం కనుక రెండు వైపులా సమం చేస్తాం. సమాసాలతో, సంధులతో తెలుగు పదాలు పొడవుగా ఉంటాయి. డెమ్మీ పేజీలో పంక్తికి కొన్ని పదాలే పడతాయి. అందువల్ల పదాల మధ్య ఖాళీలు బాగా సాగుతాయి. జస్టిఫికేషన్ పుటలో పదాల మధ్య దూరానికి 80, 100, 133 అనే అంకెలు ముందే ఉంటాయి. ఇక్కడ అక్షరాల మధ్య దూరాన్ని సున్నా నుంచి కదపవద్దని నా గట్టి సలహా. తెలుగు అక్షరాలు ఎడం పడితే పంక్తి పలచబడి చూపు జారుతుంది. దానికి బదులు గ్లిఫ్ స్కేలింగ్‌ను 98 నుంచి 102 వరకు వదలండి, అంటే అక్షరం వెడల్పు ఆ శాతం మేరకు తగ్గడానికీ పెరగడానికీ వీలివ్వండి. ఆ కొద్ది తేడా కంటికి తెలియదు కాని ఖాళీలు చాలావరకు తగ్గుతాయి. హైఫనేషన్ తెరిచి ఉంచి, విరిగిన మాటలను ప్రూఫులో ఒకసారి చదవండి. సమాసం తప్పుచోట విరిగితే, విరగాల్సిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్-షిఫ్ట్-హైఫన్ కొట్టాలి. మామూలు హైఫన్ టైపు చేస్తే, పంక్తి మారినప్పుడు అది మాట మధ్యలో మిగిలిపోతుంది. ఇలాంటి హైఫన్లు అచ్చయిన పుస్తకాల్లో ఎన్నో కనబడుతుంటాయి.

ముందుమాటలో మరో చిక్కు ఉంటుంది. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చువేసిన సీపీ బ్రౌన్ గురించి రాయకుండా ముందుమాట పూర్తికాదు. ‘బ్రౌన్‌కు’ అన్న మాటలో న్ తరువాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. దాన్ని నాన్-జాయినర్ అంటారు. పాత ఫాంట్ల నుంచి మార్చిన పాఠంలోనో, ఒక చోటి నుంచి మరో చోటికి అతికించినప్పుడో అది జారిపోతే ‘బ్రౌన్కు’ అవుతుంది. హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ వంటి మాటలన్నిటిదీ ఇదే పరిస్థితి. దీన్ని ఒక్క సూత్రంతో దిద్దడం కుదరదు, ఎందుకంటే ‘పద్మ’లో ద, మ కలవాల్సిందే. కనుక మీ పుస్తకంలో వచ్చే ఇలాంటి మాటల చిన్న జాబితా రాసుకుని, ఒక్కొక్కదాన్నీ ఫైండ్/ఛేంజ్‌లో మార్చాలి. నాన్-జాయినర్‌ను ఎక్కించడానికి ఆ పెట్టె పక్కనున్న @ గుర్తు నొక్కి, అదర్ అన్న చోట వెతకండి.

విషయసూచిక, అకారాది సూచిక రెండూ లేఅవుట్ మెనూలోని టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నుంచే వస్తాయి. మొదటిదానికి ముందుమాట వంటి శీర్షికల స్టైళ్లను చూపితే చాలు. రెండోదానికి మరో సూచిక స్టైల్ చేసి, అందులో ‘మొదటి పాదం’ ఒక్కటే చేర్చి, మోర్ ఆప్షన్స్ తెరిచి, అక్షర క్రమంలో పెట్టమనీ, పేరా సంఖ్యలను వదిలేయమనీ చెప్పాలి. వంద పాదాలు పేజీ సంఖ్యలతో క్షణంలో వస్తాయి. కాని ఆ క్రమాన్ని అలాగే నమ్మవద్దు. యూనికోడ్‌లో ఱ వెంటనే ర తరువాత, ళ వెంటనే ల తరువాత ఉంటాయి. మన అకారాదిలో వాటి చోటు హ తరువాత. సున్న ఉన్న మాటల క్రమాన్ని కూడా మీరు అనుసరించే నిఘంటువు పద్ధతితో సరిచూసుకోవాలి. ఈ చేతిపని ఒక్కటి చివరకు మిగలాల్సిందే, అందుకే పేజీలన్నీ స్థిరపడ్డాకే దాన్ని చేయండి. సూచికలు తమంతట తాము తాజా కావనీ గుర్తుంచుకోండి. అప్‌డేట్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్ కొట్టకపోతే నిన్నటి పేజీ సంఖ్యలే అచ్చవుతాయి; అప్‌డేట్ కొడితే చేత్తో సరిచేసిన క్రమం పోతుంది.

ప్రెస్సుకు పంపే ముందు పేజీల మొత్తాన్ని 16తో భాగించి చూడండి. పేజీకి రెండు పద్యాల చొప్పున యాభై పేజీలు, ముందు వెనుకల పేజీలు కలిపి 64 చేయగలిగితే సరిగ్గా నాలుగు ఫారాలు (ఒక్కో ఫారం 16 పేజీలు). 66 అయితే రెండు పేజీల కోసం కాగితం, బైండింగ్ ఖర్చు పెరుగుతాయి. పంపే ముందు లోపాలు వెతికే ప్రీఫ్లైట్‌లో ఫ్రేము దాటిపోయిన పాఠం, దొరకని ఫాంట్లు, ఆర్‌జీబీ బొమ్మలు చూపేలా ఒక ప్రొఫైల్ చేసుకోండి. సెపరేషన్స్ ప్రివ్యూలో నలుపు పలకను ఒక్కదాన్నే ఆపి చూస్తే వచనమంతా మాయం కావాలి. ఏదైనా మిగిలితే ఆ అక్షరాల్లో వేరే రంగు సిరాలు కలిశాయన్నమాట. నాలుగు రంగుల అచ్చులో అలాంటి సన్నని అక్షరం కొద్దిగా జరిగినా అంచులు మసకబారతాయి. అట్టకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయేలా అంచు దాటించే భాగం) ఇచ్చి, అచ్చు కోసమున్న పీడీఎఫ్ రకాల్లో ఎక్స్-1ఏ కావాలో ఎక్స్-4 కావాలో ప్రెస్సువారిని అడిగి తీయండి. ప్యాకేజ్ ఆజ్ఞతో ఫాంట్లు, బొమ్మలు, ఫైలు ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి దాచుకోండి. రెండో ముద్రణ అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నెలవారీ చందా కట్టి ఇన్‌డిజైన్ తీసుకోలేనివారు ఉచితమైన స్క్రైబస్‌తో ఇదే అభ్యాసం చేయవచ్చు. 2024లో విడుదలైన 1.6 వెర్షన్ తెలుగు ఒత్తులను సరిగా కూర్చగలదు. నెస్టెడ్, గ్రెప్ స్టైళ్లంత సౌకర్యం అందులో లేకపోయినా స్టైళ్లు, మాస్టర్ పేజీలు, బేస్‌లైన్ గ్రిడ్ ఉన్నాయి.

ఇదంతా పూర్తయ్యాక ఫైలుకు నకలు తీసి ఒక పరీక్ష పెట్టుకోండి. పెద్దవయసువారి కోసం పెద్దక్షరాల ప్రతి కావాలని ఎవరో అడిగారనుకోండి. ‘మూలం’ స్టైల్‌లో 12 పాయింట్లను 16 గాను, లీడింగ్‌ను 24 గాను, బేస్‌లైన్ గ్రిడ్‌ను 24 గాను మార్చండి. పేజీకి 27కు బదులు 20 పంక్తులు వస్తాయి. పేజీలు వాటంతటవే పెరగాలి, పద్యాలు విరగకూడదు, సంఖ్యలు, ముదురు పదాలు, మకుటాలు వాటి వాటి చోట్ల నిలవాలి. మారకుండా పాత సైజులో మిగిలిన ముక్క ఏదైనా కనబడితే, పారాగ్రాఫ్ స్టైల్స్ ప్యానెల్‌లో ఓవర్‌రైడ్‌లను రంగుతో చూపే బొత్తాం నొక్కండి. ఎక్కడెక్కడ మీరు స్టైల్‌ను దాటి చేత్తో దిద్దారో అది చూపిస్తుంది. ఆ ముక్కలను ఒక్కొక్కటిగా క్లియర్ ఓవర్‌రైడ్స్‌తో శుభ్రం చేసి, వాటికి అవసరమైన స్టైల్‌ను అసలు ఫైల్లో చేర్చండి.